ఉన్మాదానికి ఊళ్ళున్న దేశం

గ్రీసు దేశపు దక్షిణ భాగమైన పెలొపొనీసస్ నడిబొడ్డున ఆర్కేడియా అనే పర్వతసీమ ఉన్నది. ఆ కొండల నడుమ పీఠభూమి మీద క్రీ.పూ. 4వ శతాబ్దిలో వెలసిన పట్టణం మెగలోపొలిస్. పేరుకు అర్థం మహానగరం. ఇరవై వేలమంది కూర్చుండి నాటకం చూడదగిన దాని రంగశాల ప్రాచీన గ్రీసులోకెల్ల పెద్దదని ప్రసిద్ధి. నేడు అక్కడ కొన్ని వరుసల రాతిమెట్లు మాత్రం మిగిలినవి. చుట్టుపట్ల నేలను లిగ్నైటు బొగ్గుకోసం తవ్విన గోతులు ఆవలించుకొని ఉన్నవి.

క్రీ.శ. 2వ శతాబ్దిలో పౌసనియాస్ అనే యాత్రికుడు గ్రీసు దేశమంతా తిరిగి, చూచిన ప్రతి గుడినీ, విన్న ప్రతి కథనూ పది సంపుటాలలో గ్రంథస్థం చేశాడు. మెగలోపొలిస్ విడిచి మెస్సీనీ వైపు వెళ్ళే బాటలో మైలు దూరమైనా నడవకముందే ఎడమచేతి పక్కన ఒక ఆలయం కనిపించినదని ఆయన వ్రాశాడు. అందులోని దేవతల పేరు 'మానియై', అనగా ఉన్మాదినులు. ఆ చుట్టుపక్కల నేలకు కూడా అదే పేరు. తండ్రిని చంపిన తల్లిని తన చేతులతో వధించిన ఒరెస్టీస్‌కు మతి తప్పినది అక్కడేనట. ఆలయానికి కొద్ది దూరంలో ఒక మట్టిదిబ్బ, దానిమీద రాతితో చెక్కిన వేలు. పిచ్చి ముదిరి ఒరెస్టీస్ తన వేలిని తానే కొరికివేసుకొన్న చోటు అది. దానిని ఆనుకొనే 'అకే' అనే మరొక స్థలం. ఆ మాటకు స్వస్థత అని అర్థం. వేలు తెగిన క్షణం వరకు నల్లగా కనిపించిన దేవతలు అప్పుడు తెల్లగా కనిపించారనీ, అంతటితో అతనికి బుద్ధి తిరిగి వచ్చినదనీ స్థలపురాణం. నల్లని దేవతలకు శాంతి, తెల్లని దేవతలకు పూజ — రెండూ అతడు ఆ బాట పక్కనే జరిపించాడు.

మతి పోయిన చోటుకూ, మతి వచ్చిన చోటుకూ వేరువేరు పేర్లు పెట్టి, రెంటికీ గుడులు కట్టి, బాటసారులకు చూపించిన జాతి గ్రీకు జాతి. ఆ దేశపు పటంలో ఇటువంటి ఊళ్ళు ఇంకా ఉన్నవి. ఒక్కొక్క ఊరికి ఉన్మాదాన్ని గురించి ఒక్కొక్క మాట తెలుసు.

ఒక్క మాట చాలదు

ప్రాచీన గ్రీకు భాషలో కోపానికీ, పిచ్చికీ నడుమ గోడ సన్నగా ఉండేది. 'మేనిస్' అంటే కాలం గడిచినా చల్లారని మహాగ్రహం. దేవతలకూ, దేవతలతో సమానుడైన వీరునికీ మాత్రమే తగిన మాట అది. 'ఖోలోస్' అంటే పిత్తం ఉడికినట్లు లోపలినుంచి పొంగే కోపం. 'ఆతే' బుద్ధిని కప్పివేసే మాయ. ఆ మాయ తెచ్చిపెట్టే వినాశం కూడా అదే. 'ఓయిస్త్రోస్' నిజానికి పశువులను కుట్టి కొండలూ గుట్టలూ పట్టించే జోరీగ పేరు. కాలు ఒకచోట నిలువనీయని వెర్రికి దానినే పేరుగా వాడుకొన్నారు. 'లిస్సా' రణరంగంలో మనిషిని మృగంగా మార్చే ఉగ్రత. వీటన్నిటికంటె విస్తృతమైనది 'మానియా'.

ఈ చివరి మాట భారతీయులకు దూరపు చుట్టం. 'మానియా'కు మూలమైన ధాతువునుంచే సంస్కృతంలో 'మనస్సు', ఉగ్రతను చెప్పే 'మన్యువు' పుట్టినవని భాషాశాస్త్రం చెబుతున్నది. గ్రీకులో 'మెనోస్' అంటే వీరుని ఒంట్లో ఉబికే సత్తువ. అది అక్షరాలా మన 'మనస్సు'కు తోబుట్టువు. మనస్సన్నదీ, అది కట్టు తెంచుకోవడమన్నదీ ఒకే వేరునుంచి మొలిచిన మాటలన్నమాట.

ఇన్ని మాటలెందుకన్న ప్రశ్నకు తెలుగువారు సులువుగా జవాబు చెప్పగలరు. జాతరలో పూనకం వచ్చిన స్త్రీని ఎవరూ పిచ్చిదనరు. అర్థంలేని పట్టుదలను చూచి 'వాడి పైత్యం' అంటారు. వెర్రి వేరు, శివమెత్తడం వేరు, ఉన్మాదం వేరు. ఏ మాట వాడామన్నదానిని బట్టి, ఎదుటనున్న మనిషికి దండం పెట్టడమా, దారి ఇవ్వడమా, తాళ్ళు తేవడమా అన్నది నిర్ణయమవుతుంది.

తోడేలు తిరిగిన మైదానం

ఈ మాటలు మొదట వినిపించినవి నేటి టర్కీ దేశపు వాయవ్య తీరంలో. అక్కడ హిస్సార్లిక్ అనే దిబ్బను జర్మన్ వర్తకుడు హైన్రిక్ ష్లీమన్ 1870 తరువాత తవ్వించి, ఇదే ట్రాయ్ నగరమని ప్రకటించాడు. ఆ నగరపు యుద్ధాన్ని పాడిన హోమరు కావ్యం 'ఇలియడ్'లో మొట్టమొదటి మాటే 'మేనిస్'. పదిహేను వేలకు పైబడిన పంక్తుల కావ్యానికి ఆ ఒక్క మాట బీజం. అవమానం పొందిన అకిలీస్ ఆయుధం పట్టనని కూర్చొంటే, అతని పక్షంవారే వందలుగా కూలిపోయారు. అతనిని అవమానించిన అగమెమ్నాన్ చక్రవర్తి, తప్పు తనది కాదనీ, దేవతలు పంపిన 'ఆతే' తన కళ్ళు కప్పినదనీ సమర్థించుకొన్నాడు. అయినా పరిహారం చెల్లించాడు. దేవతల మీదకు నెట్టినంతమాత్రాన బాధ్యత తీరిపోదని ఆ కాలానికే తెలుసు.

'లిస్సా' అనే మాట ఆ కావ్యంలో హెక్టర్‌కూ, తరువాత అకిలీస్‌కూ వర్తిస్తుంది. తోడేలును చెప్పే గ్రీకు మాట 'లికోస్' నుంచి అది వచ్చినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. తరువాతి కాలంలో పిచ్చికుక్కల వ్యాధికి అదే పేరైనది. నేటి గ్రీకుభాషలో రేబిస్‌ను 'లిస్సా' అనే అంటారు. ఆ వ్యాధిని కలిగించే వైరస్ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లిస్సావైరస్. మూడువేల ఏళ్ళనాటి రణోన్మాదపు మాట ఈనాడు ప్రయోగశాలల సీసాల మీద చీటీగా నిలిచినది.

థీబ్సులో ఒక రాయి

ఏథెన్సుకు వాయవ్యంగా, బియోషియా మైదానంలో ఉన్న థీబ్సు నేడు చిన్న వ్యాపార పట్టణం. ప్రాచీన నగరపు ఏడు ద్వారాలలో ఒకటైన ఎలెక్ట్రా ద్వారపు గుండ్రని బురుజుల పునాదులు వీథి పక్కనే కనిపిస్తాయి. ఆ ద్వారం దగ్గర పౌసనియాస్‌కు స్థానికులు ఒక పాడుబడిన ఇంటినీ, పిల్లల సమాధినీ, ఒక రాతినీ చూపించారు. ఇల్లు హెరాక్లీస్ తండ్రి ఆంఫిట్రయాన్‌ది. సమాధి హెరాక్లీస్ బిడ్డలది. రాతి పేరు 'సోఫ్రొనిస్తేర్' — బుద్ధి తెప్పించేది.

ఈ కథను యురిపిడీస్ క్రీ.పూ. 416 ప్రాంతంలో నాటకంగా వ్రాశాడు. అందులో లిస్సాయే ఒక పాత్రయై రంగం మీదకు వస్తుంది. చిత్రమేమంటే, ఆ ఉన్మాద దేవతకే ఈ పని ఇష్టంలేదు. లోకానికి మేలు చేసినవానిని ఎందుకు చెరచాలని ఆమె వాదిస్తుంది. సూర్యుని సాక్షిగా, ఇష్టం లేకుండానే చేస్తున్నానంటుంది. చివరకు ఆజ్ఞకు లోబడి లోపలికి ప్రవేశిస్తుంది. హెరాక్లీస్ తన భార్యనూ, ముగ్గురు కొడుకులనూ శత్రువు కుటుంబమనుకొని చంపుతాడు. ముసలి తండ్రి మీదకు చెయ్యి ఎత్తబోగా ఎథీనా దేవి విసిరిన రాయి రొమ్ముకు తగిలి నిద్రలో పడిపోతాడు. ఆ రాయినే పౌసనియాస్ చూచినది.

నాటకంలోని అసలు ఘట్టం హత్యలు కాదు, ఆ తరువాత వచ్చే మేలుకొలుపు. స్తంభానికి కట్టివేసిన కొడుకు కళ్ళు తెరుస్తాడు. తనకేమైనదో తెలియదు. ఇంకా ఉన్మత్తుడై ఉన్నాడేమోనని భయపడుతూనే తండ్రి దగ్గరకు వచ్చి, కట్లు విప్పి, ఒక్కొక్క మాటగా నిజం తెలియజేస్తాడు. చావడమొక్కటే దారి అనుకొని హెరాక్లీస్ ముఖం కప్పుకొంటాడు. తనను తాకినవానికి కూడా పాపం అంటుకొంటుందని అతని భయం. అప్పుడు వచ్చిన మిత్రుడు థీసియస్ ఆ ముసుగు తీయించి, స్నేహితునినుంచి స్నేహితునికి మైల సోకదని చెప్పి, చేయి అందించి ఏథెన్సుకు తీసుకొనిపోతాడు.

థీబ్సునుంచి దక్షిణంగా చూస్తే 1,409 మీటర్ల కితెరాన్ కొండ అడ్డుగోడలా నిలిచి ఉంటుంది. యురిపిడీస్ మరణానంతరం, క్రీ.పూ. 405లో ప్రదర్శించిన 'బాకె' నాటకం ఆ కొండ మీదిదే. డయొనైసస్ దేవుని ఆవేశంలో థీబ్సు స్త్రీలు కొండలెక్కి తిరుగుతారు. రాజమాత అగావె తన కొడుకునే సింహపుపిల్ల అనుకొని చీల్చి, ఆ తలను గర్వంగా ఊరికి తెస్తుంది. ఆమె తండ్రి కాడ్మస్ అరవడు, కొట్టడు. ముందు ఆకాశం వైపు చూడమంటాడు. అది మునుపటివలెనే ఉన్నదా, మారినదా అని అడుగుతాడు. ఏ ఇంటికి కోడలివి, నీ కొడుకెవరు అని ఒక్కొక్కటే అడిగి, చేతిలో ఉన్నదేమిటని చివరికి అడుగుతాడు. మనోవిశ్లేషకుడు జార్జ్ దెవెరూ 1970లో ఈ సంభాషణను పరిశీలించి, ఇది మానసిక చికిత్స తెలిసినవాడు నడిపినట్లే ఉన్నదని వ్రాశాడు.

పర్వతం మీద పవిత్రోన్మాదం

థీబ్సునుంచి పడమరగా సాగిన బాట 2,457 మీటర్ల పార్నాసస్ పర్వతపు ఒడిలోకి చేరుతుంది. నిట్రమైన శిలల కింద అపోలో దేవుని క్షేత్రం డెల్ఫీ. ఇక్కడ ఉన్మాదానికి శాపమన్న అర్థం లేదు. పీథియా అనే పూజారిణి ఆవేశంలో పలికిన మాటకోసం రాజులు కానుకలు పంపేవారు. ప్లేటో 'ఫీడ్రస్' సంభాషణలో సోక్రటీసు చేత ఒక చమత్కారం చెప్పిస్తాడు: భవిష్యవాణిని చెప్పే 'మాంతికే' అన్న మాట అసలు 'మానికే' యేననీ, అంటే ఉన్మాదవిద్య అనీ, నడుమ ఒక అక్షరం తరువాతివారు దూర్చారనీ. అదే సంభాషణలో దైవదత్తమైన ఉన్మాదాన్ని నాలుగుగా విభజించాడు. భవిష్యవాణి అపోలోది, దీక్షలలోని ఆవేశం డయొనైసస్‌ది, కవిత్వం కళాదేవతలది, ప్రేమ ఆఫ్రొడైటీ, ఈరోస్‌లది. దేవుడిచ్చిన పిచ్చినుంచి మనిషికి గొప్ప మేళ్ళు కలుగుతాయని ఆయన సిద్ధాంతం.

డెల్ఫీలో చలికాలపు మూడు నెలలు అపోలోవి కావు, డయొనైసస్‌వి. ఈ సంగతి చెప్పిన ప్లూటార్క్ స్వయంగా అక్కడ అర్చకుడు. ఆ ఋతువులో థియడులు అనే స్త్రీలు పార్నాసస్ ఎక్కి ఆవేశంతో తిరిగేవారు. ఒకసారి వారు మంచుతుఫానులో చిక్కుకొంటే కొందరు వెతుకుతూ పైకి వెళ్ళారు. ఆ వెళ్ళినవారి పైబట్టలు మంచుకు కట్టెలవలె బిగుసుకొని, విప్పబోతే విరిగిపోయినవట.

ప్లూటార్క్ వ్రాసిన మరొక సంఘటన డెల్ఫీ కిందనే, ఆలివు తోపుల అంచున ఉన్న ఆంఫిస్సా పట్టణంలో జరిగినది. క్రీ.పూ. 4వ శతాబ్ది నడుమ ఫోకిస్ నాయకులు డెల్ఫీని ఆక్రమించి యుద్ధం సాగిస్తున్న రోజులు. ఒక రాత్రి థియడులు ఆవేశంలో దారి తప్పి, ఇంకా ఒళ్ళు తెలియని స్థితిలోనే ఆంఫిస్సా చేరి, బజారుచౌకంలో ఎక్కడివారక్కడ పడి నిద్రపోయారు. ఊరినిండా పరాయి సైనికులు. ఆ సంగతి తెలిసి ఆంఫిస్సా స్త్రీలు ఇళ్ళనుంచి పరుగున వచ్చారు. నిద్రిస్తున్నవారి చుట్టూ వలయంగా నిలబడ్డారు. ఒక్కరూ పలుకలేదు, ఒక్కరూ తాకలేదు. వారు తమంతట తాము మేలుకొన్న తరువాత ఒక్కొక్కరినీ ఆదరించి, అన్నం పెట్టి, భర్తల అనుమతి తీసుకొని, పొలిమేర వరకు సాగనంపారు.

మూలికలూ, మూల్యమూ

డెల్ఫీకి ఆగ్నేయంగా, కొరింథు సింధుశాఖ ఒడ్డున ఆంటికిరా అనే రేవున్నది. నేడు ఆ అఖాతపు తీరాన పెద్ద అల్యూమినియం కర్మాగారం ఉన్నది. ప్రాచీనకాలంలో ఆ ఊరికి పేరు తెచ్చినది మాత్రం హెలిబోరు అనే మూలిక. ఊరి వెనుకనున్న రాతికొండల మీద అది నలుపు, తెలుపు రెండు రకాలుగా పెరుగుతుందనీ, నల్లనిది విరేచనానికీ, తెల్లనిది వమనానికీ వాడుతారనీ పౌసనియాస్ నమోదు చేశాడు. ఉన్మాదానికి అదే దివ్యౌషధమని నమ్మకం. రోములో ఎవనికైనా బుద్ధి సరిగా లేదని చెప్పాలంటే ఆంటికిరాకు ఓడ ఎక్కించమనేవారు. ఆ మూలిక విషం. మోతాదు మించితే గుండెకు ముప్పు. అందుచేత అది మందుగా ఏనాడో తెరమరుగైనది.

సింధుశాఖకు ఆవలి ఒడ్డున, ఆర్కేడియా ఉత్తరపు కొండలలో లూసోయ్ అనే చోట ఆర్టెమిస్ దేవి ఆలయపు పునాదులు ఉన్నవి. ఆస్ట్రియా పురాతత్త్వవేత్తలు 1898లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. టిరిన్స్ రాజు ప్రీటస్ కుమార్తెలు మతి చలించి కొండలలో తిరుగుతుండగా, మెలాంపస్ అనే వైద్యుడు వారిని ఆ గుడికి తెచ్చి నయం చేశాడట. నాటినుంచి అక్కడి దేవికి 'హెమెరాసియా' అని పేరు. శాంతింపజేసేది అని దాని భావం. నల్ల హెలిబోరుకు కూడా ప్రాచీనులు అతని పేరే పెట్టారు. కథలో ఒక లౌకికమైన మెలిక ఉన్నది. మెలాంపస్ మొదట రాజ్యంలో మూడవవంతు అడిగాడు. రాజు బేరం కుదరదన్నాడు. ఈలోగా పిచ్చి ఊరి స్త్రీలందరికీ పాకినది. రెండవసారి పిలిపించేసరికి తన సోదరునికి మరొక మూడవవంతు కావాలన్నాడు. ఆలస్యం చేసిన వైద్యానికి మూల్యం పెరుగుతుందని ఆ రాజుకు ఆలస్యంగా తెలిసినది.

ఏథెన్సు వీథులలో

ఇవన్నీ కథలు, క్షేత్రాలు. మరి నిజమైన వీథిలో నిజమైన మనిషికి మతి తప్పితే ఏమయ్యేది? ఆ సంగతి ఏథెన్సు రచయితలు మాటవరుసకు చెప్పిన చోట్ల బయటపడుతుంది. క్రీ.పూ. 414లో అరిస్టొఫనీస్ తన 'పక్షులు' ప్రహసనంలో, పిచ్చివాళ్ళ మీద విసిరినట్లు పక్షుల మీద రాళ్ళు విసురుతున్నారని ఒక పాత్రచేత అనిపించాడు. ఆ ఉపమానం ప్రేక్షకులకు విడమరచి చెప్పనక్కరలేకపోయినది. థియొఫ్రాస్టస్ వర్ణించిన మూఢవిశ్వాసి, పిచ్చివాడో మూర్ఛరోగో ఎదురైతే వణికి, తన రొమ్ము మీద ఉమ్ముకొంటాడు. ఉన్మాదాన్ని దేవుని వరమన్న ప్లేటోయే, తన చివరి గ్రంథమైన 'శాసనాలు'లో, ఉన్మత్తులు నగరంలో తిరుగరాదనీ, బంధువులు వారిని ఇంట్లో కాపాడాలనీ, అలా కాపాడని సంపన్నునికి నూరు ద్రాక్మాల జరిమానా అనీ విధించాడు.

అయినా ఆ నగరమే తన నడిబొడ్డున ఒక పరిష్కారాన్ని నిలుపుకొన్నది. అక్రోపొలిస్ పక్కన అరియోపగస్ అనే బోడిగుట్ట ఉన్నది. హత్యానేరాలు అక్కడ విచారించేవారు. తల్లిని చంపిన ఒరెస్టీస్‌ను వెంటాడిన ఎరిన్యులనే ఉగ్రదేవతల వ్యాజ్యం తీరినది అక్కడేనని ఎస్కిలస్ క్రీ.పూ. 458లో తన నాటకంలో చూపించాడు. ఓట్లు సమానమై నిందితుడు విడుదలైనాడు. ఓడిన ఉగ్రదేవతలను ఎథీనా తరిమివేయలేదు. ఆ గుట్ట కిందనే నివాసమిచ్చి, పూజలిచ్చి, నగర రక్షకులుగా ఉండమని ఒప్పించినది. ఆ నాటకం పేరు 'యుమెనిడీస్', అనగా దయామయులు. నిర్దోషిగా బయటపడిన ప్రతివాడూ గుట్ట దిగి ఆ దేవతలకు బలి ఇచ్చి ఇంటికి వెళ్ళేవాడు.

రెండు ద్వీపాలు

ఏథెన్సు రేవు పిరేయస్‌లో ఓడ ఎక్కి ఈజియన్ సముద్రాన్ని ఆగ్నేయంగా దాటితే, టర్కీ తీరానికి ఎదురుగా కోస్ ద్వీపం వస్తుంది. క్రీ.పూ. 460 ప్రాంతంలో హిపోక్రటీస్ పుట్టినది ఇక్కడే. పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, సముద్రం కనిపించే కొండవాలు మీద, ఆయన తరువాతి కాలంలో కట్టిన వైద్యదేవత ఆలయం అంతస్తులు అంతస్తులుగా నిలిచి ఉన్నది. ఆయన సంప్రదాయంలో వెలువడిన 'పవిత్ర వ్యాధి' అనే చిన్న గ్రంథం, మూర్ఛరోగంలో ఇతర వ్యాధులకంటె అధికమైన పవిత్రత ఏమీ లేదని నిర్మొహమాటంగా చెప్పినది. మన సంతోషం, దుఃఖం, మన వెర్రి అన్నీ మెదడునుంచే పుడుతున్నవన్నది. శ్లేష్మంవల్ల మతి తప్పినవారు మౌనంగా ఉంటారనీ, పిత్తంవల్ల మతి తప్పినవారు కేకలు వేస్తూ కుదురులేక ఉంటారనీ విభజించినది. వాత పిత్త కఫాలతో ఉన్మాదాన్ని వర్గీకరించిన చరకసంహిత చదివినవారికి ఇది పరిచితమైన దారి. నల్లని పిత్తమని అర్థమిచ్చే 'మెలంఖోలియా' కూడా ఈ వైద్యుల మాటే. ఇక్కడ ఉన్మాదం గుడినుంచి వైద్యశాలకు నడిచి వచ్చినది.

కోస్‌కు ఉత్తరంగా, కాలిమ్నోస్ దాటిన తరువాత లీరోస్ అనే మరొక ద్వీపం ఉన్నది. అక్కడ ఇటలీ నౌకాదళం వదలివెళ్ళిన పాత బారకాసులలో 1957లో గ్రీసు ప్రభుత్వం మానసిక రోగుల కాలనీ ఒకటి స్థాపించినది. దేశం నలుమూలలనుంచి, బంధువులు అడగని, ఆశ లేదనుకొన్న రోగులను ఓడలలో అక్కడికి చేర్చారు. ఒక దశలో రెండువేలకు పైబడినవారు ఆ గోడలలో ఉన్నారు. వైద్యులు బహు కొద్దిమంది. ఒంటిమీద బట్టలేని మనుషుల ఛాయాచిత్రాలు 1989లో బ్రిటిష్ పత్రికలో వెలువడినప్పుడు ఐరోపా అంతా నివ్వెరపోయినది. హిపోక్రటీస్ ద్వీపానికి కనుచూపుమేరలో ఇది జరిగినది. వ్యాధికి సరియైన పేరు తెలియకపోవడంవల్ల జరిగినది కాదు. పేర్లన్నీ రోగి పత్రాలలో శుద్ధమైన గ్రీకులోనే వ్రాసి ఉన్నవి. ఆంఫిస్సా స్త్రీలవలె చుట్టూ నిలబడే మనుషులు లేకపోయారు, అంతే.

ఆ తరువాత ఐరోపా సాయంతో సంస్కరణ మొదలైనది. ఇటలీలోని త్రియెస్తేనుంచి వైద్యబృందం వచ్చినది. రోగులు పెద్ద వార్డులు విడిచి చిన్న చిన్న ఇళ్ళలోకి మారారు. గ్రీసు ప్రభుత్వం 1999లో చేసిన చట్టం, మానసిక రోగులు భాగస్వాములుగా పనిచేసే సహకార సంఘాలకు దారి తీసినది. అట్టి సంఘాలు మొదట ఏర్పడిన చోట్లలో లీరోస్ ఒకటి. ఒకనాడు మనుషులను దాచివేయడానికి పనికివచ్చిన ఆ ద్వీపంలో నేడు వారిలో కొందరు తేనెటీగలను పెంచుతున్నారు. తేనెపట్టు దగ్గర నిలబడినవాడు నెమ్మదిగా కదలాలి, అరవకూడదు, పక్కవాని చేతిని నమ్మాలి. కాడ్మస్ తన కుమార్తెను ఆకాశం వైపు చూడమన్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది కూడా ఆ నెమ్మదే.